రెండు మైకుల పెట్టె

పొద్దున ఆరున్నరకల్లా ఎవెలియో గుడ్డసంచీ పట్టుకుని పాద్రే పికో వీధి మెట్లు దిగేవాడు. రొట్టెల కొట్టు ముందు నిలబడి, "ఆఖరు ఎవరండీ?" అని ఒక్క కేక వేసేవాడు. గుంపులోంచి ఎవరో చెయ్యెత్తేవారు. ఆ చెయ్యి ఎవరిదో గుర్తుపెట్టుకుంటే చాలు, వరసలో అతని చోటు అతనిదే. ఆ తర్వాత కాఫీకి పోయినా, చర్చిలో మోకాళ్ల మీద కాసేపు ఉండి వచ్చినా, మెట్ల మీద కునుకు తీసినా అడిగేవాళ్లు లేరు. వెనకవాళ్లు తొందరలో ఉండి బతిమాలితే వాళ్లని ముందుకు పంపి, వాళ్ల వెనక నిలబడొచ్చు. చోటు ఒక్క అడుగు జరుగుతుందే గాని పోదు. సాంతియాగోలో పుట్టిన బిడ్డకి పరలోక ప్రార్థనతో పాటు ఇదీ వస్తుంది. ఎవరు నేర్పారంటే ఎవరూ చెప్పలేరు.

రొట్టెలు తీసుకుని మళ్లీ మెట్లెక్కి, తన ఇంటికి కాదు, మరదలు నెరీదా ఇంటికి వెళ్లేవాడు. ఆవిడ కాఫీ కాచి ఉంచేది. రొట్టె తుంచుకుని తిని, కప్పులు కడిగి, అతను గిటారు శ్రుతి చేసుకునేవాడు. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పాడేది. పక్కనే ఇంకో కుర్చీ ఖాళీగా ఉండేది. ఆవిడ నోరు తెరిస్తే రెండు గొంతులు వచ్చేవి. ఒకటి నెరీదాది, రెండోది ఆమె అక్క ఆర్గేలియాది.

ఆర్గేలియా ఎవెలియో భార్య. పోయి ఆరేళ్లయింది. అక్కచెల్లెళ్లిద్దరూ ముప్ఫై ఒక్క ఏళ్లు కలిసి పాడారు. నెరీదాది పైగొంతు, పాటని నడిపించేది. ఆర్గేలియాది కిందిగొంతు, పాటని మోసేది. గుండె ఆగి ఆర్గేలియా పోయిన తొమ్మిదో రోజున, ఇంట్లో చేసిన ప్రార్థనలో నెరీదా ఒక్కతే ఆ ఊరంతా కొలిచే అమ్మవారు కారిదాద్ తల్లి పాట ఎత్తుకుంది. కిందిగొంతు కూడా వచ్చింది. ఆడవాళ్లంతా సిలువ గుర్తు వేసుకుని వంత పాడుతూనే ఉన్నారు. ఒకావిడ మాత్రం, ఇవాళ ఆర్గేలియా కాస్త మెల్లగా పాడింది, పాపం అలసట ఉంటుంది కదా అంది. అక్కచెల్లెళ్లు జీతానికి పాడే పాటల ఇంటి మేనేజరుకు మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. రిజిస్టరులో సంతకం ఒకటి, వినపడే గొంతులు రెండు, ఏం చెయ్యాలో పైవాళ్లకు రాసి అడిగాడు. జవాబు రాలేదు. అప్పట్నించీ నెరీదాకి రోజూ రెండు కాఫీలు ఇప్పించి ఊరుకున్నాడు.

మామూలుగా మాట్లాడేటప్పుడు నెరీదాది ఒక్క గొంతే. పాడితేనే అక్క వచ్చేది. అందుకని ఎవెలియో తన భార్యని వినేది పాట ఉన్నంతసేపే. టెలిఫోను ఎక్స్చేంజీలో జీవితమంతా ఇతరుల మాటలు కలిపినవాడు, తనకి మాత్రం ఇంతే కనెక్షన్ దొరికిందని నవ్వేవాడు. పాట అయ్యాక తీగల మీద చెయ్యి వేసేవాడు కాదు. వాటంతటవే ఆగేదాకా తల వంచుకుని ఉండేవాడు.

జనవరిలో నెరీదా గొంతు బొంగురుపోయింది. తేనె పట్టించారు, నిమ్మరసం పట్టించారు, ఫిబ్రవరి వచ్చినా తగ్గలేదు. డాక్టర్ బర్సాగా గొట్టం దింపి చూసి, నల్లచిక్కుడు గింజంత గడ్డ ఉందన్నాడు. మంచివాడు, దాపరికం లేనివాడు. ఇప్పుడైతే కొంచెం తీస్తే సరిపోతుంది, మాట మిగులుతుంది, పాట మాత్రం మిగలదు అని చెప్పాడు. ఆపరేషన్ల జాబితాలో ఆవిడ వంతు మార్చి తొమ్మిది, మంగళవారం.

ఇంటికొచ్చాక నెరీదా అమ్మవారి పటం ముందు పొద్దుతిరుగుడు పూలు పెట్టి, వత్తి వెలిగించి చాలాసేపు కూర్చుంది. లేచాక ఏడవలేదు.

"నా పాట పోతే పోయింది బావా. ముందు అక్కని నీకోసం ఎక్కడైనా దాచిపెట్టాలి" అంది.

దాచడం అంత తేలిక కాదని వాళ్లకి ముందే తెలుసు. ఫోనులో ఎన్నిసార్లు రికార్డు చేసినా నెరీదా ఒక్కతే వచ్చేది. పాత క్యాసెట్ రికార్డరులోనూ అంతే. కింది గొంతు గదిలో ఉన్నవాళ్ల చెవులకే గాని యంత్రానికి చిక్కేది కాదు. ఎవెలియో రదమేస్ దగ్గరికి వెళ్లాడు. రేడియో స్టేషనులో నలభై ఏళ్లు ధ్వని చూసినవాడు, ఎడమ చెవి ఆ ఉద్యోగానికే ఇచ్చేశానని చెప్పుకునేవాడు. క్యాసెట్ రికార్డరు కుడి చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నాడు.

"యంత్రానికి మర్యాద తెలీదురా. కళ్లముందు ఒకతే కనపడితే ఒకత్తినే లెక్కేసుకుంటుంది. ఆర్గేలియాకి వేరే మైకు పెట్టాలి. ఆవిడ కుర్చీ ముందు, ఆవిడ నోటి ఎత్తున."

మైకులు రెండు, పాత ల్యాప్‌టాప్ ఒకటి తన దగ్గర ఉన్నాయన్నాడు. కావలసింది ఆ మైకుల్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె. దాన్ని ఎంచుకోవడం ఎలాగో కాగితం మీద రాసిచ్చాడు. దీపాలు చూసి, మెరిసే బొత్తాలు చూసి మోసపోవద్దు. చాలా పెట్టెలకి రెండు కన్నాలు ఉంటాయి, కానీ ఒకటి మైకుకి, రెండోది గిటారుకి. అది మనకి పనికిరాదు. రెండూ మైకు కన్నాలే కావాలి, రెండూ ఒకేసారి వినాలి, విన్నదాన్ని దేనికది విడిగా దాచాలి. అది మొదటిది. ఈ మైకులు కరెంటు తాగందే పనిచెయ్యవు, ఆ కరెంటు పెట్టే పంపాలి. అది రెండోది. గోడలో కరెంటు రోజుకి నాలుగు గంటలే ఉంటుంది, కాబట్టి పెట్టె ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే బతకాలి. అది మూడోది. మూడింటి కిందా గట్టిగా గీతలు గీశాడు.

పక్క వీధిలో యోస్వానీ అనే కుర్రవాడికి అలాంటి పెట్టె ఉంది. బీరువాలో దుప్పట్లు వేలాడదీసి అందులో కూర్చుని పాటలు కట్టేవాడు. వారం రోజులు వాడుకోండి, ఏమీ ఇవ్వక్కర్లేదన్నాడు. ఎవెలియో దాన్ని తిప్పి చూశాడు. మైకు కన్నం ఒకటి, గిటారు కన్నం ఒకటి.

"అయితే ఏముంది తాతా? ఒకసారి ఈ కుర్చీ ముందు మైకు పెట్టి పాడించు. ఇంకోసారి ఆ కుర్చీ ముందు పెట్టి పాడించు. రెండూ నేను కలిపిస్తా. ప్రపంచమంతా అలాగే చేస్తుంది" అన్నాడు యోస్వానీ.

ఎవెలియో పెట్టెని అతని ఒళ్లో పెట్టేశాడు. వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు పాడలేదని చెప్పి వచ్చేశాడు. ఆ మాట అంటుంటే అతనికి గర్వంగా కూడా అనిపించింది. దేవుడు అతన్ని క్షమించాలి.

రెండు మైకుల పెట్టె ఊళ్లో లేదు. కింది ఇంట్లో ఉండే జోయిలా ఏడాదికి మూడుసార్లు ఖాళీ పెట్టెలతో పనామా వెళ్లి, నిండిన పెట్టెలతో వచ్చేది. చెప్పుల దగ్గర్నించి మిక్సీల దాకా ఆ కొండ మీద సగం సామాను ఆవిడ భుజాల మీదుగా వచ్చిందే. ఎవెలియో ఫ్రిజ్ అమ్మి ఆ డబ్బు ఆవిడ చేతిలో పెట్టాడు. కరెంటు లేనప్పుడు అదీ బీరువాయేగా అన్నాడు. జోయిలా కాగితం మడిచి జాకెట్టులో దోపుకుని, పదకొండో తారీకు గురువారం విమానంలో దిగుతానంది.

మంగళవారం తొమ్మిది. గురువారం పదకొండు. తేడా రెండు రోజులు.

ఆదివారం పూజ అయ్యాక, చర్చి మెట్ల మీద ఎవెలియో నెరీదాతో ఆ సంగతి ఎత్తబోయాడు. ఎండ గురించి మాట్లాడాడు, ఫాదర్ గారి దగ్గు గురించి మాట్లాడాడు. ఆవిడే అందుకుంది.

"నా తర్వాత వంతు ఎవరిదని కనుక్కున్నావుగా, చెప్పు."

"ఫెర్మీన్ అని, బస్సు డ్రైవరు. వాడిని ముందుకు పంపితే వాడి వెనక మనమే. మళ్లీ మన వంతు శుక్రవారం వస్తుంది. మూడు రోజులు. ఆగలేమా నెరీదా?"

ఆవిడ చేతిసంచీలోంచి రుమాలు తీసి మెడకి చుట్టుకుంది. చెల్లెలిగా పుట్టింది, అన్నింట్లోనూ అక్క తర్వాతే వడ్డించుకోవడం అలవాటు. ఆగుదాంలే బావా అంది. జాబితా రాసే నర్సు కూడా కనుబొమ్మ ఎత్తలేదు, ఎవరి వెనక అని ఒక్కమాట అడిగి పేర్లు తారుమారు చేసింది. ఆవిడ కూడా ఈ ఊరి పిల్లే. ఫెర్మీన్ వచ్చి నెరీదా చేతులు ముద్దు పెట్టుకుని, కొడుకు పెళ్లికి ముందే ఇంటికి చేరతానమ్మా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మంగళవారం ఫెర్మీన్‌కి ఆపరేషన్ అయింది. ఆ సాయంత్రం మత్తుమందు అయిపోయింది. అది ఓడలో రావాలన్నారు. ఓడ వచ్చాక ఆపరేషన్ గదిలో చల్లటి గాలి యంత్రం చెడింది. ఫెర్మీన్ తర్వాత ఆ బల్ల మీద ఏడు వారాలు ఎవరూ పడుకోలేదు. వరసలో నెరీదా చోటు ఎక్కడికీ పోలేదు, అందరికంటే ముందు ఆవిడే ఉంది. వరసే కదల్లేదు. గురువారం జోయిలా కూడా దిగలేదు. విమానం ఆగిపోయింది, తర్వాత దానికి ఇంధనం లేదు, ఆవిడ పనామాలో ఎవరి వరండాలోనో పెట్టెల మీద పడుకుని మార్చి అంతా గడిపింది.

ఎవెలియో రోజూ పొద్దున్నే రొట్టె తెచ్చేవాడు. నెరీదా నానబెట్టి తినడం మొదలుపెట్టింది. పాడటం తగ్గించింది, రికార్డింగుకి దాచుకుంటున్నానంది. ఆ వారాల్లో అతనికి భార్య గొంతు కూడా అరుదుగానే వినపడింది. అమ్మవారి పటం ముందు నిలబడి పెట్టె రావాలని ఒకసారి, ఆపరేషన్ గది తెరవాలని ఒకసారి అడిగేవాడు. ఏది ముందు అడుగుతున్నాడో తనకి తెలుసు. అమ్మవారికీ తెలుసు.

ఏప్రిల్ మూడున జోయిలా వచ్చింది. పెట్టె అరచేయంత ఉంది, బరువుగా, చల్లగా ఉంది. రదమేస్ కళ్లజోడు పెట్టుకుని, తన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. రెండు మైకు కన్నాలు. రెండూ ఒకేసారి. మైకులకి కరెంటు. ల్యాప్‌టాప్ మీద బతుకుతుంది. ఇంతకంటే సరైన పెట్టె ఈ కొండ మీదికి రాలేదన్నాడు.

ఆ కొండకి ఆదివారం కరెంటు పది నుంచి రెండు దాకా. అందరూ నీళ్లు తోడుకునేది, బీన్స్ ఉడకేసుకునేది, ఇస్త్రీ చేసుకునేది ఆ నాలుగు గంటల్లోనే. ల్యాప్‌టాప్ బ్యాటరీ ముసలిది, గోడకి తగిలిస్తేగాని గంట నిలబడదని తేలింది. కరెంటు ఉంటే ప్రతి ఇంట్లో మోటారు, ప్రతి ఇంట్లో ఫ్యాను, ప్రతి ఇంట్లో రేడియో. ఆ హోరులో ఈ మైకులు దేన్నీ పట్టలేవు. నెరీదా తనే ఇంటింటికీ వెళ్లింది. గొంతు అప్పటికి గాలి మాత్రమే. ఒక్క గంట ఆపితే చాలని గుసగుసగా అడిగింది. మూడు పీపాలు నింపుకోవలసిన ఎదురింటి ఆవిడ కూడా లోపలికెళ్లి మోటారు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గుని తెచ్చి నెరీదా చేతిలో పెట్టింది, మర్చిపోయి ఎవరైనా వేస్తారేమోనని.

ఆదివారం పదిన్నరకి కొండ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, కింద రేవులో ఓడ తాడు కిర్రుమనడం వినపడింది. జనం గుమ్మాల్లో నిలబడ్డారు. మొరక్కుండా కుక్కల్ని చంకనెత్తుకున్నారు. నెరీదా కుర్చీ ముందు ఒక మైకు, ఖాళీ కుర్చీ ముందు ఒక మైకు. ఆ రెండో మైకు దగ్గరగా గిటారుతో ఎవెలియో.

ఆవిడ పాడింది. పైగొంతు ఇసుక రాసినట్టుంది, అయినా తిన్నగానే నడిచింది. కిందిగొంతుకి ఏ జబ్బూ లేదు. ఆర్గేలియా చెల్లెల్ని ఎత్తుకుని మోసినట్టు ఆ పాటని మోసింది. గుమ్మాల్లో మగవాళ్లు టోపీలు తీశారు. ఎవెలియో తీగ మీటడమే మర్చిపోయి వింటూ ఉండిపోయాడు.

ల్యాప్‌టాప్ తెర మీద మొదటి మైకు గీత ఎగిరెగిరి పడింది. రెండో గీతలో సన్నటి అలలు కదిలాయి. రదమేస్ మొదటిదాన్ని ఆపి, రెండోదాన్ని ఒక్కదాన్నే వినిపించాడు. వచ్చింది గాలి. లోపలికి, బయటికి. ఒకచోట ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఇది నీ ఊపిరిరా" అన్నాడు రదమేస్.

మైకులు మార్చారు. వైర్లు మార్చారు. ఎవెలియోని వీధిలోకి పంపి మళ్లీ పాడించారు. ఈసారి రెండో గీత బల్లపరుపుగా వచ్చింది. మూడోసారి సగంలో నెరీదా గొంతు తెగిపోయింది, దానితోపాటు కిందిదీ ఆగిపోయింది. రదమేస్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెట్టెలో తప్పేమీ లేదని మాత్రం అన్నాడు. ఎదురింటి ఆవిడ వచ్చి తన ప్లగ్గు తీసుకుని, నెరీదా తల నిమిరి వెళ్లింది. కాసేపటికి ఒక మోటారు మొదలైంది, తర్వాత ఇంకొకటి, తర్వాత కొండంతా.

నెరీదా మళ్లీ పాడలేదు.

ఏప్రిల్ ఆఖర్న ఆపరేషన్ గది తెరిచారు. డాక్టర్ బర్సాగా బయటికొచ్చి, స్వరపేటిక మొత్తం తీసెయ్యవలసి వచ్చిందన్నాడు. మెడకి కన్నం పెట్టాను, ఊపిరి అక్కణ్నించే, మాట ఇక రాదు అన్నాడు. ఆ మంగళవారమైతే అని మొదలుపెట్టి, ఎవెలియో మొహం చూసి ఆపేశాడు. మూడు రోజులే అనుకున్నామండి అన్నాడు ఎవెలియో. ఆ డాక్టరు కూడా రొట్టెల వరసలో నిలబడేవాడే. తల వంచుకుని లోపలికి పోయాడు.

ఇంటికొచ్చాక నెరీదా పలక మీద రాయడం మొదలుపెట్టింది. కాఫీ అని, కిటికీ అని, దిండు అని. ఎవెలియో తన మంచం తెచ్చుకుని వంటింటి పక్కన వేసుకున్నాడు. బీన్స్ మెత్తగా ఉడకబెట్టి, గుడ్డలో వడకట్టి పెట్టేవాడు. మెడ చుట్టూ కట్టిన గుడ్డ రోజుకి రెండుసార్లు మార్చేవాడు. ఒకరోజు గుడ్డ మార్చడం అయ్యాక ఆవిడ పలక తీసుకుని, 'పోనీలే బావా' అని రాసింది. అతను ఆ పలకని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చదివాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆ మధ్యాహ్నం చర్చికి వెళ్లి వెనక బల్ల మీద కాక ముందు బల్ల మీద కూర్చున్నాడు. తనకి క్షమాపణ దొరికిందనుకున్నాడు. దొరికింది కూడా. నెరీదా ఇవ్వగలిగింది ఆవిడ ఇచ్చేసింది.

జూన్ మధ్యలో ఒకనాడు, పన్నెండు గంటలప్పుడు, అతను పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్నాడు. నెరీదా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కరెంటు లేదు, వీధి మందకొడిగా ఉంది.

"ఏవయ్యా."

అతను గరిటె వదిలేశాడు. అతన్ని అలా పిలిచిన మనిషి ప్రపంచంలో ఒకతే. నెరీదా బావా అనేది. వీధిలోవాళ్లు పేరు పెట్టి పిలిచేవారు. ఆరేళ్లుగా ఆ గొంతు పాటల్లోని మాటలే పలికింది, ఎవరో రాసినవి. దాని సొంత మాట అతనికి వినపడి ఆరేళ్లయింది.

తిరిగి చూశాడు. నెరీదా పెదాలు కదిలి ఆగినట్టున్నాయి. ఆవిడ ఒక చెయ్యి మెడగుడ్డ మీద వేసుకుని, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది. డాక్టరు తీసింది ఆవిడ గొంతునే. రెండోది ఆయన కత్తికి తగలలేదు. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి, ఆర్గేలియా లేచినట్టుంది, సూప్ ఇంకో గిన్నె పెట్టమని లోపలికి కేకేసింది.

ఎవెలియో చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. నవ్వుతున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. ఆమెకి చెప్పాలని ఆరేళ్లు దాచుకున్నదంతా ఒక్కసారి నోటి దాకా వచ్చింది. కారిదాద్ తల్లి పటం వైపు ఒక్క దణ్ణం పెట్టాడు.

"నా చెల్లెల్ని ఎందుకు ఆగమన్నావు?" అంది ఆర్గేలియా.

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు ఆమె ఎలా అడిగేదో అలాగే అడిగింది. నెరీదా గాభరాగా తల అడ్డంగా ఊపింది, చెయ్యి ఊపింది, పలక కోసం తడుముకుంది. అది నేను కాదు, నేను కాదు అన్నట్టు అతని కళ్లలోకి చూసింది. ఆవిడ నోరు మళ్లీ తనంతట తనే తెరుచుకునేలా ఉంది.

అతను మూడు రోజులే కదా అందామనుకున్నాడు. నీకోసమే అందామనుకున్నాడు. పొయ్యి మీద సూప్ పొంగి మంట ఆర్పేసింది. అతను వెళ్లి చూడలేదు. ఆ రెండు కుర్చీల ముందు, మెల్లగా నేల మీద కూర్చున్నాడు.

ఆర్గేలియా తొందరపడలేదు. జవాబు కోసం ఆగింది.